లక్షా నూట పదహార్ల లెక్క: కల్యాణలక్ష్మి పథకంపై ఒక సమీక్ష

పేద ఇంటి ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం సాయంగా ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు మా ఇంటికి ఎన్నడూ రాలేదు, రాదు కూడా. నాకు ఆడపిల్లలు లేరు. ఉన్నా నా జీతం ఆ పథకం పెట్టిన ఆదాయ పరిమితికి చాలా పైన ఉంటుంది. అయినా ఈ సేవ గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఉందనే అనుకుంటున్నాను. తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నా దగ్గరకు, పుట్టిన తేదీ రుజువు కోసం బోనఫైడ్ కావాలంటూ ఆడపిల్లల తల్లిదండ్రులు రావడం 2014 చివర్లో మొదలైంది. ఆ కాగితాలు రాసిస్తూ, మీసేవ కేంద్రంలో చదువురాని తల్లుల పక్కన కూర్చుని దరఖాస్తులు నింపిస్తూ, నా దగ్గర చదువుకున్న పిల్లలే ఆ దరఖాస్తుల ఫోటోల్లో పెళ్లికూతుళ్లుగా కనిపించడం చూస్తూ పదేళ్లు దాటాయి.

ఒక దుకాణాన్నో బ్యాంకునో సమీక్షించినట్టే ప్రభుత్వ పథకాన్నీ సమీక్షించవచ్చు. ఏమిస్తామన్నారు, ఏమిచ్చారు, ఎన్నాళ్లకు ఇచ్చారు అన్న ప్రశ్నలు ఎక్కడైనా ఒకటే. అయితే ఇది పెళ్లికి సంబంధించిన సేవ కాబట్టి ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: ఈ డబ్బు చూసి జనం పెళ్లి నిర్ణయాలు మార్చుకుంటున్నారా? మార్చుకుంటున్నారు, కానీ బయట అనుకునేలా కాదు. లక్ష రూపాయలు వస్తాయని కూతురికి పెళ్లి చేయడానికి సిద్ధపడిన తండ్రి నాకు ఒక్కడూ కనిపించలేదు. పెళ్లి ఎలాగూ చేస్తారు. ఎప్పుడు చేయాలి, ఏ వయసు దాకా ఆగాలి, ఎంత అప్పు తేవచ్చు, ఎవరి పేరు మీద ఏ కాగితం సిద్ధం చేసుకోవాలి అన్నవాటిని మాత్రం ఈ పథకం నిర్ణయిస్తోంది.

ముందుగా ఇచ్చేదేమిటో చూద్దాం. 2014 అక్టోబర్ 2న ఈ పథకం మొదలైనప్పుడు షెడ్యూల్డ్ కులాలు, తెగల కుటుంబాలకు కల్యాణలక్ష్మి పేరుతోనూ, మైనారిటీ కుటుంబాలకు షాదీ ముబారక్ పేరుతోనూ 51,000 రూపాయలు ఇచ్చేవారు. 2016లో వెనుకబడిన తరగతులకు, ఇతర వర్గాల్లోని పేదలకు కూడా దీన్ని వర్తింపజేశారు. 2017లో మొత్తాన్ని 75,116కు, 2018లో 1,00,116కు పెంచారు. చివర ఉన్న ఆ నూట పదహారు నాకు నచ్చింది. సర్కారు సొమ్ము చదివింపుల కట్నంలా, ఇంటి పెద్ద చేతిలో పెట్టినట్టు రావాలన్న ఆలోచన ఎవరిదో కానీ, మన ఊళ్ల మనసు తెలిసిన ఆలోచన. ఈ మర్యాద చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పింఛను తీసుకోవడానికి మొహమాటపడే కుటుంబాలు కూడా ఈ చెక్కును తలెత్తుకుని తీసుకోవడానికి అదొక కారణమని నా అనుమానం.

ఆ సొమ్ము విలువను రూపాయల్లో కాక బంగారంలో కొలవాలి, ఎందుకంటే తీసుకునేవాళ్లు అలాగే కొలుస్తారు. పథకం మొదలైన 2014లో పది గ్రాముల ధర 28,000 రూపాయల అటూఇటూగా ఉండేది. అప్పటి 51,000తో రెండు తులాలకు కొంచెం తక్కువ వచ్చేది. 2018లో లక్షా నూట పదహారు ప్రకటించిన నాడు ధర 31,000 దగ్గర ఉండటం వల్ల మూడు తులాలు కొని కొంత మిగుల్చుకోగలిగేవారు. పుస్తెలతాడుకు, చెవికమ్మలకు అది సరిపోయేది. 2025లో తులం ధర లక్ష దాటింది. ఈ ఏడేళ్లలో చెక్కు మీద అంకె మారకపోయినా, కంసాలి తక్కెడలో దాని బరువు మూడింట ఒకటికి పడిపోయింది. 2023 శాసనసభ ఎన్నికల సమయంలో లక్షకు తోడు తులం బంగారం ఇస్తామని కాంగ్రెస్ పార్టీ హామీ ఇచ్చినప్పుడు ఊళ్లలో అంత చర్చ జరగడానికి ఈ లెక్కే కారణం. నా ఎరుకలో చేతికి అందినవి మాత్రం చెక్కులే. తులం కూడా వస్తుందేమో చూసి లగ్గం పెట్టుకుందామని ఒక ఏడాది ఆగిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. ఆ ఏడాదిలో వాళ్లు కొనాల్సిన బంగారం ధర, ఆగినందుకు రాగల లాభం కంటే ఎక్కువే పెరిగింది.

దరఖాస్తు చేసుకునే పద్ధతి గురించి చెప్పాలంటే, కాగితం మీద అది సరళమే. మీసేవలో ఈపాస్ వెబ్‌సైటు ద్వారా వివరాలు నమోదు చేసి, వధూవరుల ఆధార్, వధువు తల్లిదండ్రుల ఆధార్, వయసు రుజువు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పెళ్లి జరిగినట్టు రుజువు, తల్లి బ్యాంకు పాసుపుస్తకం జతచేయాలి. తర్వాత రెవెన్యూ సిబ్బంది ఇంటికి వచ్చి విచారిస్తారు, తహసీల్దార్ పరిశీలిస్తారు, శాసనసభ్యుడి ఆమోదం, ఆర్డీవో మంజూరు అయ్యాక ఖజానా శాఖ నుంచి డబ్బు విడుదల అవుతుంది. మొదట్లో సంక్షేమ శాఖల చేతుల్లో ఉన్న ఈ పనిని రెవెన్యూ శాఖకు మార్చిన తర్వాత విచారణ కొంత చురుకైందన్నది నా అభిప్రాయం. తహసీల్దార్‌కు ఊరు తెలుసు, ఊళ్లో ఎవరి పెళ్లి ఎప్పుడు జరిగిందో ఆయన కింది మనుషులకు తెలుసు. నడవాల్సిన మెట్లు మాత్రం తగ్గలేదు.

ఈ మెట్లలో నాకు అసలు అర్థం కానిది శాసనసభ్యుడి మెట్టు. వయసు పద్దెనిమిది నిండిందా, ఆదాయం పరిమితి లోపల ఉందా, పెళ్లి నిజంగా జరిగిందా అన్నవి పరిశీలించడానికి అధికారులు ఉన్నారు. అర్హత ఉన్నవారికి రావాల్సిన సొమ్ముకు ప్రజాప్రతినిధి ఆమోదం ఎందుకు? చెక్కుల పంపిణీ సభగా జరుగుతుంది కాబట్టి, సభకు నాయకుడికి వీలు కుదరాలి కాబట్టి, సిద్ధమైన చెక్కులు కూడా కొన్నాళ్లు బీరువాలో పడుకుంటాయి. ఎన్నికల నియమావళి అమల్లోకి వస్తే మరికొన్నాళ్లు. వృద్ధాప్య పింఛనుకు లేని ఈ వేదిక పెళ్లి సాయానికి ఎందుకు ఉందో, ఉంటే ఆ ఆలస్యం భారం ఎవరు మోస్తున్నారో ఆలోచించాలి.

భారం మోసేది పెళ్లికూతురి తల్లిదండ్రులే. కష్టమంతా ఉన్నది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పెళ్లికి ఖర్చు పెళ్లికి ముందే అవుతుంది. చెక్కు పెళ్లి తర్వాత వస్తుంది. మధ్యలో ఉన్న కాలాన్ని అప్పు నింపుతుంది. వెనకటి రోజుల్లో మా ప్రాంతంలో పేద ఇంటి పెళ్లి తేదీని పంట నిర్ణయించేది. పత్తి అమ్మిన డబ్బు చేతికొస్తే మాఘ, ఫాల్గుణాల్లో, యాసంగి వడ్లు తూకం వేశాక వైశాఖంలో లగ్గాలు పెట్టుకునేవారు. పంట పోతే పెళ్లి మరుసటి ఏడాదికి పోయేది. ఆదాయానికీ పెళ్లికీ ఉన్న సంబంధం అంత సూటిగా ఉండేది. ఇప్పుడు పంట పోయినా పెళ్లి ఆగడం లేదు. రావాల్సిన చెక్కే వడ్డీ వ్యాపారికి హామీ అయింది. ‘లచ్మి పైసలు రాంగనే కడతా’ అన్న మాట మీద లక్ష రూపాయలు అప్పు పుడుతోంది. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 2,000. చెక్కు ఎనిమిది నెలలకు వస్తే 16,000 మిత్తికే పోతుంది. ఏడాది పడితే 24,000. ప్రభుత్వం ఇచ్చేది లక్షా నూట పదహారే అయినా ఆడపిల్ల ఇంటికి చేరేది 84,000 లేదా 76,000. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఖజానాకు ఏమీ పోదు, పేదవాడికి రెండు వేలు పోతాయి. ఈ తేడాను ఏ నివేదికలోనూ ‘ఖర్చు’ కింద చూపించరు.

నేను నింపించిన దరఖాస్తుల్లో అతి త్వరగా వచ్చిన చెక్కు మూడు నెలలకు, అతి ఆలస్యంగా వచ్చినది పద్నాలుగు నెలలకు పైగా పట్టింది. పద్నాలుగు నెలలు పట్టిన చెక్కు తీసుకోవడానికి తల్లి వెళ్లినప్పుడు కూతురు బిడ్డను ఎత్తుకుని వెంట వెళ్లింది. పెళ్లి సాయం కాస్తా బారసాల సాయమైందని ఆ తల్లి నవ్వుతూనే అన్నది కానీ, అప్పటికి ఆమె మిత్తి కింద పుస్తెలు తప్ప మిగతా బంగారం తాకట్టు పెట్టి ఉంది.

ఇక ఆదాయ పరిమితి. తల్లిదండ్రుల ఉమ్మడి ఆదాయం ఏడాదికి 2 లక్షలు మించకూడదన్నది దీని ప్రధాన నియమం. ఈ అంకెను ఒకసారి కూలి లెక్కలో పెట్టి చూడండి. భార్యాభర్తలిద్దరూ రోజుకు 400 చొప్పున ఏడాదిలో 250 రోజులు పనిచేస్తే సరిగ్గా 2 లక్షలవుతుంది. ఒక రోజు ఎక్కువ పనిచేస్తే అర్హత పోతుంది. మేస్త్రీ పనికో, సుతారి పనికో వెళ్లేవాడికి, పట్టణంలో ఆటో నడిపేవాడికి, నాలుగిళ్లలో పనిచేసే ఆమెకు నిజమైన ఆదాయం దీనికంటే ఎక్కువే ఉంటుంది. అంటే నియమాన్ని అక్షరాలా అమలు చేస్తే, ఒళ్లు వంచి పనిచేసే కుటుంబాల్లో చాలామంది బయట ఉండాలి. వాళ్లు బయట లేరు, లోపలే ఉన్నారు, ఉండటం న్యాయం కూడా. ఎలా ఉన్నారంటే, ఆదాయ ధ్రువపత్రం ఎవరి ఆదాయాన్నీ కొలవదు కాబట్టి. నెల జీతం లేని ప్రతి ఒక్కరికీ ఆ పత్రంలో పరిమితికి కాస్త కింద ఒక అంకె పడుతుంది. దాని ఫలితంగా అసలు కష్టపడేది కాగితం ఉన్న పేదలు. ఒక ప్రైవేటు బడిలో ఆయాగా నెలకు 9,000 తీసుకునే తల్లి, కంపెనీలో కాపలాదారుగా భవిష్య నిధి కోత పోను జీతం తీసుకునే తండ్రి ఉన్న ఇంట్లో, ఆ జీతం చీటీలు లెక్క తేల్చేస్తాయి. ఐదెకరాల ఆసామికి రాని ఇబ్బంది వాళ్లకు వస్తుంది. చెక్కు మొత్తం పదేళ్లలో దాదాపు రెట్టింపయింది. ఆదాయ పరిమితి అంకె మాత్రం ధరలు, కూలి రేట్లు పెరిగినా మొదలైన చోటే ఆగిపోయింది.

ఈ పరిమితి పెళ్లి నిర్ణయాన్ని మార్చిన సందర్భాలు ఉన్నాయా అంటే, ఒకటి చెప్పగలను. మా పాత విద్యార్థిని ఒకామె డిగ్రీ అయ్యాక ఒక ఆస్పత్రిలో రిసెప్షన్ పనికి కుదిరింది. పెళ్లి కుదిరే సమయానికి, కూతురి జీతం కూడా ఇంటి ఆదాయంలో కలుస్తుందని ఎవరో చెప్పగా, ఆమెను పని మాన్పించారు. నియమంలో ఉన్నది తల్లిదండ్రుల ఆదాయం మాత్రమేనని నేను చెప్పేసరికి ఆలస్యమైపోయింది, ఆ పనిలో వేరే అమ్మాయి చేరింది. పథకం తప్పు కాదిది, పథకం గురించి ఎవరూ సరిగా చెప్పకపోవడం తప్పు. అయినా ఇలాంటి భయాలు నియమాల చుట్టూ కలుపు మొక్కల్లా మొలుస్తాయని పథకాలు రాసేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు విమర్శే ఎక్కువ రాశాను. ఈ పథకంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవి రెండు ఉన్నాయి. ఒకటి, పెళ్లినాటికి అమ్మాయికి 18 ఏళ్లు నిండి ఉండాలన్న నియమం. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం చెప్పేదీ అదే అయినా, చట్టానికి భయపడని ఇంట్లో లక్షకు ఆశపడటం నేను కళ్లారా చూశాను. పదో తరగతి పరీక్షలు రాసిన అమ్మాయికి మేనరికం సిద్ధంగా ఉందంటూ బోనఫైడ్ కోసం వచ్చిన ఒక తండ్రి, పుట్టిన తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ‘ఇంకా ఇరవై ఆరు నెలలా సారూ’ అని నిట్టూర్చి వెళ్లిపోయాడు. ఆ ఇరవై ఆరు నెలలు ఆమె ఇంటర్ చదివింది. పోలీసులకు, బాలల సంక్షేమ అధికారులకు ఫోన్ చేయకుండానే ఒక బాల్య వివాహం ఆగింది. అలాంటివి నాకు తెలిసి అరడజనుకు తక్కువ లేవు.

ముహూర్తాలతో మాత్రం ఈ నియమానికి పొసగదు. మూఢం వస్తోందని, పద్దెనిమిది నిండటానికి పన్నెండు రోజుల ముందు పెళ్లి జరిపించిన ఒక కుటుంబానికి దరఖాస్తు దగ్గర చుక్కెదురైంది. ముహూర్తం పంతులు చూస్తాడు, వయసు కంప్యూటర్ చూస్తుంది. కంప్యూటర్‌కు శుక్ర మూఢంతో పనిలేదు. ఆ తండ్రి మీద నాకు జాలి కలిగినా నియమం సడలించాలని మాత్రం అనను. పన్నెండు రోజులు సడలిస్తే రేపు పన్నెండు నెలలు అడుగుతారు.

అయితే అదే 18 ఇంకో వైపు కూడా పనిచేస్తుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పద్దెనిమిది దాకా ఆపే నియమం, పద్దెనిమిది నిండిన మర్నాటి నుంచి తలుపు తీసి పెడుతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయి చదువు గురించి నేను మాట్లాడబోతే, ‘పద్దెనిమిది నిండింది కదా సార్, ఇప్పుడు చేస్తే పైసలొస్తయి’ అన్న జవాబే తరచూ వినిపిస్తుంది. ఇరవై రెండేళ్లకు చేసినా అంతే వస్తుంది కదా అంటే, పథకం అప్పటిదాకా ఉంటుందో లేదో అన్న అనుమానం. ఆ అనుమానం తప్పని ఎలా అంటాం? హర్యానాలో 1994లో మొదలుపెట్టిన ‘అప్నీ బేటీ అప్నా ధన్’ అనుభవం దీనికి దగ్గరగా ఉంది. ఆడపిల్ల పుట్టినప్పుడు ప్రభుత్వం ఒక బాండు కొని, ఆమె పద్దెనిమిదేళ్ల దాకా పెళ్లి కాకుండా ఉంటే 25,000 రూపాయలు ఇచ్చేది. ఆ పిల్లలు పెద్దయ్యాక జరిపిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, పద్దెనిమిది దాటాక పెళ్లి మరింత వెనక్కి జరగలేదు. పైగా ఆ డబ్బు పెళ్లి ఖర్చు కోసమేనని చాలా కుటుంబాలు భావించాయి. డబ్బుకు ఒక వయసు గీత పెడితే జనం ఆ గీతనే గమ్యం అనుకుంటారు.

తెలంగాణలో ఎంత మార్పు వచ్చిందో అంకెల్లో చెప్పడం అంత తేలిక కాదు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతం. చూడగానే పథకం ఏమీ చేయలేదనిపిస్తుంది. కానీ ఆ సర్వేలో లెక్కకొచ్చిన మహిళల్లో కొందరు పథకం పుట్టకముందే పద్దెనిమిదికి చేరినవారు, వెనుకబడిన తరగతుల వారికి 2016 దాకా పథకమే లేదు, లక్ష వచ్చింది 2018లో. కాబట్టి ఆ అంకెతో ఈ పథకాన్ని కొట్టేయడమూ తొందరపాటే, ఆ అంకెను దాచిపెట్టి పొగడటమూ తొందరపాటే.

నేను మెచ్చుకునే రెండో అంశం, చెక్కు వధువు తల్లి పేరు మీద రావడం. వరుడి పేరు మీద వచ్చి ఉంటే అది సర్కారు కట్నమయ్యేది. తండ్రి పేరు మీద వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను రాయనవసరం లేదు. తల్లి పేరు మీద రావడం వల్ల మా మండలంలో ఎంతోమంది ఆడవాళ్లు మొదటిసారి బ్యాంకు ఖాతా పుస్తకాన్ని తమ పెట్టెలో దాచుకున్నారు. అయినా కట్నం మాటల్లోకి ఈ చెక్కు దూరకుండా ఆగలేదు. సంబంధం మాట్లాడుకునే చోట, ‘మీకు ఎట్లాగూ లక్ష వస్తది గద’ అని మగపెళ్లివారు అనడం, ఇవ్వాల్సిన దానికి ఆ లక్ష కలపడం నేను రెండు చోట్ల నా చెవులతో విన్నాను. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉన్న దేశంలో, పేద పెళ్లికూతురి కోసం ఇచ్చిన సొమ్ము వరుడి బండి కిస్తీగా మారితే దాన్ని ఏ తనిఖీ అధికారి పట్టుకోగలడు?

నన్ను మార్కులు వేయమంటే, ఉద్దేశానికి, తల్లి పేరు నియమానికి, వయసు నియమానికి కలిపి పదికి ఆరు వేస్తాను. మిగిలిన నాలుగు మార్కులు ఆలస్యానికి, ఆదాయ పత్రానికి, పద్దెనిమిది దగ్గరే ఆగిపోయిన ఆలోచనకు పోయాయి.

ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లిన ఉదాహరణలు పొరుగునే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి అమలు చేసిన కల్యాణమస్తు, షాదీ తోఫా పథకాల్లో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టారు. షెడ్యూల్డ్ కులాలు, తెగలకు లక్ష, వెనుకబడిన తరగతులకు 50,000, కులాంతర వివాహాలకు అంతకంటే ఎక్కువ. ఆదాయాన్ని కూడా పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000గా లెక్కించారు కాబట్టి అక్కడా పరిమితి బిగుతే. కానీ వరుడికి కూడా చదువు షరతు పెట్టడం ఉపాధ్యాయుడిగా నాకు నచ్చింది. పదో తరగతి మధ్యలో మానేసి పనికి పోయే అబ్బాయిలు మా బడిలో అమ్మాయిలకంటే తక్కువేమీ కాదు. షరతు వల్ల అసలైన నిరుపేదలు బయటే ఉండిపోతారన్న అభ్యంతరం ఉంది, అది తీసిపారేయదగినది కాదు. పెళ్లి వయసుకు వచ్చిన నిరక్షరాస్యురాలికి పదో తరగతి పాస్ కమ్మని చెప్పడం ఆమెను వెక్కిరించినట్టే.

తమిళనాడు ఇంకా దూరం వెళ్లింది. మూవలూర్ రామామృతం అమ్మైయార్ పేరుతో 1989 నుంచి నడిచిన పెళ్లి సాయానికి చదువు షరతు ఉండేది. 2011లో తాళికి 4 గ్రాముల బంగారం చేర్చారు, 2016లో దాన్ని 8 గ్రాములు చేశారు. 2022లో ఆ పథకాన్నే మార్చి, ప్రభుత్వ బడుల్లో చదివి పై చదువులకు వెళ్లే అమ్మాయిలకు నెలకు 1,000 రూపాయలిచ్చే ‘పుదుమై పెణ్’గా చేశారు. పెళ్లినాడు ఒక్కసారి ఇచ్చేదాన్ని, పెళ్లి కాని రోజుల్లో నెలనెలా ఇవ్వడమన్నమాట. పశ్చిమ బెంగాల్‌లోనైతే రెండూ ఉన్నాయి. పద్దెనిమిది నిండేనాటికి పెళ్లి కాకుండా చదువుతూ ఉంటే కన్యాశ్రీ కింద 25,000, పద్దెనిమిది దాటి పెళ్లి చేసుకుంటే రూపశ్రీ కింద 25,000. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో ఆగమని, ఇంకో చేత్తో కానివ్వమని చెప్పడం వింతగా ఉన్నా, పేద ఇంటికి ఆ రెండు అవసరాలూ నిజమే.

మన రాష్ట్రంలోనే ఇంతకంటే పెద్ద వింత ఒకటుంది. వితంతు పింఛను కింద నెలకు 2,016 రూపాయలు అందుకుంటున్న స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పింఛను ఆగిపోతుంది. ఏడాదికి అది 24,192 రూపాయలు. యాభై నెలల పింఛను లెక్కగడితే కల్యాణలక్ష్మి చెక్కు కంటే ఎక్కువే అవుతుంది. ముప్పై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి, నా విద్యార్థి తల్లి, ఒక మంచి సంబంధం వచ్చినప్పుడు ఏం లెక్క వేసుకుందో నాకు తెలుసు. వచ్చే మనిషి ఎలాంటివాడో తెలియదు, వచ్చే పింఛను మాత్రం ప్రతి నెలా వస్తుంది. ఆమె పెళ్లి వద్దనుకుంది. మొదటి పెళ్లికి లక్ష ఇచ్చే ప్రభుత్వం, రెండో పెళ్లికి ఉన్నదాన్ని తీసేసుకుంటుంది. మొదటిది ప్రోత్సాహమైతే రెండోది జరిమానా అవుతుంది కదా. కొత్త కాపురం నిలదొక్కుకునేదాకా కనీసం ఒకటి రెండేళ్లు పింఛను కొనసాగిస్తే, కొందరైనా ధైర్యం చేస్తారు.

దరఖాస్తు చేయబోయేవారికి నాకు తెలిసిన రెండు మూడు సంగతులు. ఆధార్‌లో లక్ష్మమ్మ, బ్యాంకు పుస్తకంలో లచ్చమ్మ అని ఉంటే ముందుగా ఆ పేర్లు ఒకటి చేయించండి. మా దగ్గర ఆగిపోయిన దరఖాస్తుల్లో చాలావాటికి కారణం వయసో ఆదాయమో కాదు, ఇలాంటి అక్షరాలే. పుట్టిన తేదీ ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ వేర్వేరుగా ఉంటే దాన్ని లగ్నపత్రిక రాసుకోకముందే సరిచేయించుకోవాలి, పెళ్లయ్యాక తేదీ మార్చితే ప్రతి అధికారికీ అనుమానమే వస్తుంది. మీసేవ ఇచ్చిన రసీదు సంఖ్యను కాగితం మీదే కాక ఫోన్‌లోనూ దాచుకోండి. చెక్కు వచ్చాక దాన్ని దేవుడి పటం వెనక పెట్టి మంచిరోజు కోసం చూసే తల్లులున్నారు. చెక్కు మీది తేదీ నుంచి 3 నెలలు దాటితే బ్యాంకు తీసుకోదు. సభలో పంచేనాటికే అందులో కొన్ని వారాలు గడిచిపోయి ఉంటాయి కనుక, వేదిక మీద ఫోటో దిగాక ఇంటికి కాకుండా నేరుగా బ్యాంకుకు వెళ్లమ్మా అని నేను ప్రతి తల్లికీ చెబుతుంటాను.